ఐ-20 వచ్చాక, ఫ్లైట్ ఎక్కేలోపు: ఎంఎస్‌కి వెళ్ళేవాళ్ళు ఇక్కడే తెముల్చుకోవాల్సిన పనులు

మా పిన్ని కొడుకు ఈ ఫాల్‌కి (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కి) అమెరికా వెళ్తున్నాడు, కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) వచ్చిన రోజు రాత్రి ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, సూట్‌కేసులు సుల్తాన్ బజార్‌లో కొనాలా, ఆన్‌లైన్‌లోనా?" రెండోది ప్రెషర్ కుక్కర్ గురించి, మూడోది ఇడ్లీ పాత్ర గురించి. కోర్సుల రిజిస్ట్రేషన్ ఎప్పుడు, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో పడింది, పళ్ళు ఎప్పుడు చూపించుకున్నావు అని నేను తిరిగి అడిగితే అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. వాణ్ణి తిట్టే హక్కు నాకూ లేదనుకోండి. నేను వెళ్ళినప్పుడూ ఇంతే, రెండు నెలలు షాపింగ్ చేసి, చుట్టాలందరి ఇళ్ళల్లో భోజనాలు చేసి, కందిపొడితో సహా అన్నీ సర్దుకుని, తీరా అక్కడ దిగాక అసలు పనులేవీ కాలేదని తెలుసుకున్నాను.

వాడికి చెప్పినవే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను. జీఆర్ఈ, ఎస్ఓపీ, ఏ యూనివర్సిటీ మంచిది అన్న గొడవ జోలికి పోను. అడ్మిట్ వచ్చి, ఐ-20 చేతిలో ఉన్నవాళ్ళకే ఇది.

నా లెక్క ఒక్కటే. ఏ పని ముందున్నా సరే, ఇది ఇక్కడ తేలికా, అక్కడ తేలికా అని చూసుకోండి. దుప్పటి, దిండు, చలికోటు, మిక్సీ అక్కడ ఒక్క శనివారం తిరిగితే దొరుకుతాయి. పన్ను పీకించుకోవడం, సీఎంఎంలో (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిచ్చే మెమోలో) తప్పు దిద్దించుకోవడం, మర్చిపోయిన ప్రాబబిలిటీ మళ్ళీ చదువుకోవడం మాత్రం అక్కడ చచ్చినా కుదరవు, ఎందుకంటే ఆగస్టులో దిగిన దగ్గర్నుంచి అక్టోబర్ దాకా ఊపిరి సలపదు.

ముందు పేరు సంగతి

ఇది మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి కాబట్టి దీంతోనే మొదలుపెడతాను. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఇంటర్ మెమోలో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో చివరికి పోతుంది. పాస్‌పోర్టు అప్లై చేసిన నెట్ సెంటర్ అబ్బాయి అదంతా కలిపి గివెన్ నేమ్ గడిలో కొట్టేసి సర్‌నేమ్ ఖాళీగా వదిలేస్తాడు. ఇండియాలో ఉన్నంతకాలం దాంతో ఏ ఇబ్బందీ రాదు. అమెరికా వీసా మీద మాత్రం ఆ పొడుగాటి పేరు మొత్తం సర్‌నేమ్ అయిపోతుంది, అసలు పేరు ఉండాల్సిన చోట "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. మా మొదటి క్లాసులో ప్రొఫెసర్ రోస్టర్ చూసి "ఫ్నూ ఎవరు?" అని అడిగితే ముగ్గురు చేతులెత్తారు. క్లాసులో నవ్వుకుని వదిలేస్తాం, కానీ బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర, జీతం చెక్కు మీద ఆ ఫ్నూ వెంటబడుతూనే ఉంటుంది.

అందుకని ఇప్పుడే లేచి పాస్‌పోర్టు తీసి చూడండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, టైముంటే రీఇష్యూకి పెట్టి సరిచేయించుకుని ఆ తర్వాతే డీఎస్-160 (వీసా దరఖాస్తు ఫారం) నింపండి. ఐ-20 మీది పేరు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం కలవాలి, తేడా ఉంటే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి పాస్‌పోర్టు స్కాన్ జతచేసి మెయిల్ పెడితే సరిచేసిన ఐ-20 పంపుతారు, భయపడాల్సిందేమీ లేదు. ఇంకో చిన్న ముక్క. మీ పేరు వెంకట సాయి నాగ అని మొదలైతే అక్కడ అందరూ మిమ్మల్ని వెంకట అనే పిలుస్తారు, అదే క్లాసులో ఇంకో నలుగురు వెంకటలు, ఆరుగురు సాయిలు ఉంటారు. చాలా యూనివర్సిటీల పోర్టల్‌లో ప్రిఫర్డ్ నేమ్ అని ఒక గడి ఉంటుంది, ఇంట్లో పిలిచే పేరు అక్కడ ఇచ్చేయండి.

కాగితాలు

అడ్మిట్ ఇచ్చేటప్పుడు ఫైనలియర్ మార్కులు లేకపోయినా యూనివర్సిటీ సర్దుకుపోతుంది. చేరాక మాత్రం ఫైనల్ ట్రాన్స్‌క్రిప్టు, డిగ్రీ పూర్తయినట్టు రుజువు ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే మీ అకౌంట్ మీద హోల్డ్ పడి రెండో సెమిస్టర్‌కి రిజిస్టర్ కానివ్వరు. కాబట్టి పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం, ట్రాన్స్‌క్రిప్టులు ఊళ్ళో ఉండగానే తెచ్చుకోండి, సీల్డ్ కవర్లు నాలుగైదు ఎక్కువే తీసుకోండి. ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) వచ్చేసరికి మీరు ఇక్కడ ఉండరు, మీ బదులు ఎవరు తీసుకోవచ్చు, దానికి ఏ ఉత్తరం కావాలి అని కాలేజీ ఆఫీసులో ముందే అడిగి నాన్న పేరు మీద రాసిపెట్టండి. లేదంటే పాపం ఆయన కౌంటర్ కౌంటర్‌కీ తిరగాలి, మీరు అక్కడ తెల్లవారుజామున మూడింటికి ఫోన్ పట్టుకుని ఆయనకి దారి చెప్పాలి. ఒరిజినల్స్ అన్నీ హ్యాండ్ లగేజీలోనే పెట్టుకోవాలి, స్కాన్ కాపీలు మెయిల్‌లో ఒకటి, ఇంట్లో ఒకటి.

వీసా గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే దాని గురించి చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా అప్లికేషన్ ఫీజు 185 డాలర్లు, ఇవి మారుతుంటాయి కాబట్టి కట్టేముందు అధికారిక సైట్ ఒకసారి చూసుకోండి. హైదరాబాద్ కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకి మారింది, పాత అడ్రస్ చెప్పే బాబాయిల మాట వినకండి. వేలిముద్రలు, ఇంటర్వ్యూ వేర్వేరు చోట్ల, వేర్వేరు అపాయింట్‌మెంట్లు. డీఎస్-160లో గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి, 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్ళు ఆ ఖాతాల్ని పబ్లిక్‌లో పెట్టాలని కూడా చెప్తున్నారు, కాబట్టి ఎప్పుడో మర్చిపోయిన ఖాతాలు గుర్తుచేసుకుని మరీ రాయండి.

ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఎందుకీ యూనివర్సిటీ, ఏం చదవబోతున్నావు, డబ్బు ఎవరు పెడుతున్నారు, ఇంతే. కన్సల్టెన్సీలో బట్టీ పట్టించిన జవాబు ఆ కిటికీ అవతల ఉన్న మనిషి ఆ రోజు పొద్దుట్నుంచి ముప్పైసార్లు విని ఉంటారు. మీ డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి ఏ రెండు కోర్సులు తీసుకోవాలనుకుంటున్నారో చూసి మీ మాటల్లో చెప్పండి, అది చాలు. చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణాలు చేసి రండి, నేనూ చేశాను, వీసా వచ్చాక నూట ఎనిమిదీ చేశాను. కానీ వారం రోజులకి అకౌంట్లో డబ్బు వేసి చూపించే బాపతు పనులకి మాత్రం ఒప్పుకోకండి. పట్టుబడితే పోయేది కన్సల్టెన్సీ వాళ్ళ వీసా కాదు, మీది.

అలాగే "మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతూనే బయట పనిచేసే అనుమతి), క్లాసులకి వెళ్ళక్కర్లేదు" అనే మాట ఎవరి నోట విన్నా అక్కడే లేచి వచ్చేయండి. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు రోడ్డున పడ్డవాళ్ళలో ఎక్కువమంది మన ఆంధ్ర పిల్లలే. 2019 జనవరిలో డెట్రాయిట్ దగ్గర ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి బయటపడింది. దాన్ని నడిపింది స్వయంగా అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే, క్లాసులు లేకుండా పేరు నమోదు చేసుకునేవాళ్ళని పట్టుకోవడానికి. అప్పుడు అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ.

డబ్బు, ఓటీపీ

ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ అయితే డబ్బు వచ్చేసినట్టు కాదు. ఫీజు ఏ తారీఖులోపు కట్టాలి, బ్యాంకు డబ్బు వదలడానికి ఎన్ని రోజులు తీసుకుంటుంది, ప్రతి సెమిస్టర్‌కి ఏయే కాగితాలు అడుగుతుంది, వాటి మీద నాన్న సంతకం చాలా మీది కూడా కావాలా, ఈ నాలుగూ మేనేజర్‌ని అడిగి రాసుకోండి. యూనివర్సిటీ ఆలస్య రుసుము మొహమాటం లేకుండా వేస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి గుర్తింపు పొందిన సంస్థల ఎడ్యుకేషన్ లోన్ డబ్బు పంపితే టీసీఎస్ (విదేశాలకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) కట్టక్కర్లేదు, సొంత డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన దాని మీద మాత్రమే పడుతుంది. వెంట తీసుకెళ్ళే నోట్లు 3,000 డాలర్లకి మించకూడదు, నిజానికి అంత కూడా అక్కర్లేదు, ఐదారొందలు నోట్లుగా ఉంచుకుని మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోండి. అపార్ట్‌మెంట్ డిపాజిట్, మొదటి నెల అద్దె, గ్రాసరీస్, ఫోన్, ఇవన్నీ మొదటి రెండు వారాల్లోనే పడతాయి, ఆ డబ్బు మాత్రం చేతికందేలా ఉండాలి.

మీ ఇండియా ఫోన్ నంబరు చచ్చిపోకూడదు. ఇది ఎవరూ చెప్పరు. నెట్ బ్యాంకింగ్, లోన్ పోర్టల్, ఆధార్, డిజిలాకర్, ఇన్‌కమ్ ట్యాక్స్, అన్నిటికీ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. నేను సిమ్ తీసి డ్రాయర్‌లో పడేసి వచ్చాను, మూడు నెలలకి అది ఆగిపోయింది, రెండో సెమిస్టర్ ఫీజుకి బ్యాంకు ఓటీపీ పంపితే అది ఎవరికి చేరిందో దేవుడికే తెలియాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మేడమ్, హోమ్ బ్రాంచికి వచ్చి నంబరు మార్చుకోండి" అన్నారు. హోమ్ బ్రాంచి తెనాలిలో ఉంది, నేను మంచు తోసుకుంటూ బస్టాపులో నిలబడి ఉన్నాను. వెళ్ళేముందు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, ఎస్ఎంఎస్ వచ్చేంత చిన్న రీఛార్జ్ ఏదో కనుక్కుని, అది ప్రతిసారీ వేసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. రెండు సిమ్‌లు పట్టే ఫోన్ ఉంటే ఇంకా మంచిది.

ఒళ్ళు

యూనివర్సిటీ హెల్త్ సెంటర్ టీకాల ఫారం పంపుతుంది. సాధారణంగా ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకి వేసే టీకా) రెండు డోసులు అడుగుతారు, రెండింటి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి, కాబట్టి ప్రయాణానికి వారం ముందు మొదలుపెడితే కుదరదు. చిన్నప్పటి టీకాల కార్డు అమ్మ బీరువాలో ఎక్కడో చీరల కింద ఉంటుంది, వెతికించండి. టీబీ పరీక్ష సంగతి ఇంకోటి. మనందరికీ చిన్నప్పుడు భుజానికి బీసీజీ వేశారు, దానివల్ల చర్మం మీద చేసే టెస్టు ఉత్తినే పాజిటివ్ చూపించొచ్చు. అందుకని రక్తపరీక్ష ఒప్పుకుంటారా, ఇక్కడ చేయించింది చెల్లుతుందా అని మెయిల్‌లో అడగండి.

పళ్ళు, కళ్ళు. విద్యార్థుల ఇన్సూరెన్స్‌లో మామూలుగా ఈ రెండూ ఉండవు. జ్ఞానదంతం కాస్త సలుపుతోందని తెలిసి కూడా నేను పట్టించుకోలేదు, అక్టోబర్‌లో మిడ్‌టర్మ్ ముందు రోజు దవడ వాచింది, ఆ బిల్లు చూశాక నొప్పి తగ్గిందో ఆ షాక్‌కి మర్చిపోయానో ఇప్పటికీ చెప్పలేను. డెంటిస్టు దగ్గరికి ఒక్క పూట వెళ్ళిరండి, కళ్ళద్దాలు రెండు జతలు చేయించుకోండి, రోజూ వేసుకునే మందులుంటే డాక్టరు చీటీతో, మందు అసలు పేరుతో సహా తీసుకెళ్ళండి. ఇన్సూరెన్స్ కార్డు వచ్చాక అర్జెంట్ కేర్‌కీ ఎమర్జెన్సీకీ తేడా ఏమిటో, దేనికి ఎంత కట్టాలో చదువుకోండి, జ్వరానికి ఎమర్జెన్సీకి పరిగెత్తి బిల్లు చూసి ఏడ్చినవాళ్ళని చూశాను.

చదువు, దీనికోసమే కదా వెళ్తున్నది

ఒక సెమిస్టర్‌కి మూడు కోర్సులు, తొమ్మిది క్రెడిట్లు. బీటెక్‌లో ఎనిమిది సబ్జెక్టులు చూసి వచ్చినవాళ్ళకి ఇది విహారయాత్రలా కనిపిస్తుంది. మూడే కదా అని నాలుగోది తీసుకుందామనుకుంటారు, వద్దు, మొదటి సెమిస్టర్‌లో అస్సలు వద్దు. ఒక గంట క్లాసుకి బయట రెండు మూడు గంటల పని అని అక్కడ లెక్క. వారం వారం హోంవర్క్, ఒక ప్రాజెక్టు, మిడ్‌టర్మ్, ఫైనల్, అన్నిటికీ మార్కులుంటాయి. పరీక్ష ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ తిరగేసి గట్టెక్కిన అలవాటు అక్కడ పనిచేయదు, ఎందుకంటే ఫైనల్ వచ్చేసరికే సగానికి పైగా మార్కులు అయిపోయి ఉంటాయి. జీపీఏ 3.0 కంటే తగ్గితే చాలాచోట్ల ప్రొబేషన్‌లో పెడతారు.

కాబట్టి ఈ రెండు నెలల్లో రోజుకి రెండు గంటలు చదవండి. మీరు తీసుకోబోయే కోర్సుల పాత సిలబస్ డిపార్ట్‌మెంట్ సైట్లోనో ప్రొఫెసర్ సొంత పేజీలోనో దొరుకుతుంది, తీసి చూసి, ముందే వచ్చి ఉండాలి అని రాసినవి మీకు నిజంగా వచ్చా అని నిజాయితీగా చూసుకోండి. కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్ వాళ్ళకైతే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, డేటా స్ట్రక్చర్లు, లైనక్స్ కమాండ్ లైన్, గిట్. రీసెర్చ్ పేపర్ల మీద నడిచే కోర్సయితే లేటెక్ (పేపర్లు రాసే సాఫ్ట్‌వేర్) కూడా. ప్రాబబిలిటీ మీకు బీటెక్ సెకండియర్‌లో తొంభై మార్కులు వచ్చి ఉండొచ్చు, నాకూ వచ్చాయి, మెషీన్ లెర్నింగ్ మొదటి హోంవర్క్ చూసి ఆ తొంభై ఎక్కడికి పోయాయా అని వెతుక్కున్నాను.

రిజిస్ట్రేషన్ ఎప్పుడు తెరుచుకుంటుందో కనుక్కుని ఆ నిమిషానికి కూర్చోండి, మన టైముకి అది అర్ధరాత్రి అయినా సరే. అందరూ కోరుకునే కోర్సులు పదినిమిషాల్లో నిండిపోతాయి. నిండిపోతే వెయిట్‌లిస్టులో చేరి, మొదటి వారం సీట్లు ఖాళీ అవుతుంటాయి కాబట్టి క్లాసుకి వెళ్ళి కూర్చోవచ్చా అని ప్రొఫెసర్‌ని అడగండి. ఆన్‌లైన్ కోర్సులతో జాగ్రత్త, ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్ళకి ఫుల్‌టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సే వస్తుంది. కష్టంగా ఉందని కోర్సు వదిలేయాలన్నా ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగాలి. అడక్కుండా తొమ్మిది క్రెడిట్ల కంటే తగ్గితే స్టేటస్, అంటే అక్కడ విద్యార్థిగా ఉండే అర్హత, పోతుంది.

మెయిల్ రాయడం. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ద స్టూడెంట్ ఆఫ్ యువర్ ఎస్టీమ్డ్ యూనివర్సిటీ" అని మొదలుపెట్టి మూడు పేరాల తర్వాత అసలు ప్రశ్న అడిగే మన పద్ధతి అక్కడివాళ్ళకి అర్థం కాదు. డియర్ ప్రొఫెసర్ అని ఇంటిపేరు రాసి, నేను ఫలానా, ఈ ఫాల్‌లో చేరుతున్నాను, నా ప్రశ్న ఇది, అంతే. టీఏ, ఆర్ఏ (ప్రొఫెసర్‌కి పాఠాల్లో, రీసెర్చ్‌లో సాయం చేసే ఉద్యోగాలు) కావాలని మెయిల్ పెట్టేవాళ్ళు డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ముప్పైమందికీ ఒకటే ఉత్తరం పంపకండి, వాళ్ళు పక్కపక్క గదుల్లో కూర్చుంటారు. ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకుని, వాళ్ళ ఈమధ్య పేపర్ ఒకటి చదివి, అందులో మీకు వచ్చిన ప్రశ్నో, మీరు చేయగలిగిన పనో రాయండి. జవాబు రాకపోవచ్చు, రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, దిగాక ఆఫీస్ అవర్స్‌లో (విద్యార్థుల్ని కలవడానికి ప్రొఫెసర్ కేటాయించిన గంటల్లో) వెళ్ళి కలవండి. ఆఫీస్ అవర్స్ అంటే తప్పు చేసినవాళ్ళు వెళ్ళే చోటు అనుకుని నేను మొదటి నెలంతా వెళ్ళలేదు. మన కాలేజీలో హెచ్ఓడీ గదికి అలాగే కదా వెళ్ళేవాళ్ళం.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, కాపీ. మనం రికార్డులు ఒకరివి ఒకరు చూసి రాసుకుని పెరిగినవాళ్ళం, అది మనకి స్నేహంలో భాగం, తప్పనే ఆలోచనే రాదు. అక్కడ అది మిమ్మల్ని ఇంటికి పంపేయగల నేరం. ప్రోగ్రామింగ్ హోంవర్కులకి మాస్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, వేరియబుల్స్ పేర్లు మార్చినా, లైన్లు అటూ ఇటూ జరిపినా పట్టేస్తుంది. రాతపనికి టర్నిటిన్. మొదటి సెమిస్టర్‌లో నేనూ నా రూమ్మేటూ ఒక హోంవర్క్ కలిసి కూర్చుని చేశాం, కాపీ కాదు, నిజంగానే కలిసి ఆలోచించాం, చివరికి ఇద్దరి కోడూ ఒకేలా వచ్చింది. ప్రొఫెసర్ పిలిచి ఎదురుగా ఆ రెండు కాగితాలూ పెట్టి ఏమీ మాట్లాడకుండా చూశారు. సున్నాతో వదిలేశారు, రిపోర్టు చేయలేదు, అది మా అదృష్టం. మాట్లాడుకోవడం వరకు ఒప్పుకుంటారా, కోడ్ చూపించుకోవచ్చా, ఏఐ టూల్స్ వాడొచ్చా అనేది ప్రతి కోర్సు సిలబస్‌లో రాసి ఉంటుంది, ఒక్కో ప్రొఫెసర్‌ది ఒక్కో రూలు. లేకపోతే అడగండి. ఇంకొకరి మాట వాడితే ఎలా పేర్కొనాలో ఇప్పుడే ఒక గంట కూర్చుని నేర్చుకోండి.

రెజ్యూమె కూడా ఇక్కడే అయిపోవాలి, ఒక్క పేజీ, ఫోటో లేకుండా, నాన్నపేరు లేకుండా, పుట్టినతేదీ లేకుండా. ఎందుకీ తొందరంటే, వచ్చే సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లకి పెద్ద కంపెనీలు ఆగస్టు, సెప్టెంబర్లలోనే తలుపులు తెరుస్తాయి, చాలా క్యాంపస్‌లలో కెరీర్ ఫెయిర్ సెప్టెంబర్‌లోనే, అంటే మీకు ఇంకా బస్సు నంబర్లు కూడా తెలియని రోజుల్లో. సీపీటీ కింద ఇంటర్న్‌షిప్ చేయాలంటే మామూలుగా రెండు సెమిస్టర్లు పూర్తి కావాలి, చదువయ్యాక ఓపీటీ (ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సయితే ఇంకో 24. క్యాంపస్‌లో పని సెమిస్టర్ జరుగుతున్నప్పుడు వారానికి 20 గంటల దాకా చేసుకోవచ్చు. గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంటులోనో చేతికి క్యాష్ ఇచ్చే పని మాత్రం వద్దు. మా సీనియర్ చేశాడు, ఏమీ కాలేదు అంటారు, నిజమే, ఏమీ కాని సీనియర్లే మీతో మాట్లాడటానికి అక్కడ మిగిలి ఉంటారు.

ఇల్లు, సామాను

మీ యూనివర్సిటీ తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంటుంది, అడ్మిట్ వచ్చినవాళ్ళని అడిగితే చేర్చుకుంటారు. ఇల్లూ, రూమ్మేట్లూ, ఎయిర్‌పోర్ట్ పికప్ అన్నీ అక్కడే తేలతాయి. ఇల్లు చూడకుండా, లీజు కాగితం చదవకుండా ఎవరికీ డిపాజిట్ పంపకండి. ఫోటోల్లో మరీ అందంగా, మరీ చవగ్గా ఉందంటే అది ఇల్లు కాదు, మోసం. సీనియర్ ఎవరైనా వెళ్ళి వీడియో కాల్‌లో చూపిస్తే సరి, లేదంటే మొదటి రెండు వారాలు సీనియర్ల ఇంట్లో హాల్లో పడుకుని మీరే చూసుకోవచ్చు, అందరం అలా పడుకున్నవాళ్ళమే. నలుగురు కలిసి ఒక లీజు మీద సంతకం పెడితే, ఒకడు మధ్యలో వెళ్ళిపోతే వాడి అద్దె మిగతా ముగ్గురి మీద పడొచ్చని గుర్తుంచుకోండి.

రూమ్మేట్లతో వెళ్ళకముందే మాట్లాడుకోవాల్సినవి రెండే. వంట ఎవరెవరు ఏ రోజు, ఏసీ హీటర్ ఎంత మీద పెట్టాలి. నేను చూసిన గొడవలన్నీ ఈ రెండింటి మీదే. వంట రాకపోతే నేర్చుకోండి, పప్పు, చారు, ఒక వేపుడు, గుడ్డు కూర, పెరుగు తోడుపెట్టడం. ఎక్కువేం కాదు, వారం రోజులు అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి మీరు చేస్తే వచ్చేస్తుంది.

విమానంలో చాలామందికి 23 కిలోల పెట్టెలు రెండు ఒప్పుకుంటారు, స్టూడెంట్ టికెట్ మీద ఇంకోటి ఇచ్చే ఎయిర్‌లైన్స్ కూడా ఉన్నాయి, అడగండి. ఆవకాయ, గోంగూర పచ్చడి తీసుకెళ్ళొచ్చు, నూనె కారకుండా గట్టిగా ప్యాక్ చేయించండి. చికెన్, మటన్ పచ్చళ్ళ జోలికి పోకండి, మాంసం అనేసరికి తీసి చెత్తబుట్టలో వేస్తారు. పచ్చి కరివేపాకు అస్సలు వద్దు, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులుని మోసే పురుగు దాని మీద బతుకుతుంది కాబట్టి వాళ్ళకి అదంటే హడల్. తినే వస్తువులున్నాయా అని ఫారంలోనో నోటితోనో అడిగితే ఉన్నాయనే చెప్పండి, ఉన్నాయని చెప్పినందుకు ఫైన్ వేయరు, దాస్తే వేస్తారు. గల్ఫ్ మీదుగా వెళ్ళేవాళ్ళు మసాలా డబ్బాలో గసగసాలు లేకుండా చూసుకోండి, యూఏఈలో అవి నిషేధం. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, కాబట్టి ఐ-20, అడ్మిట్ లెటర్, ఫీజు రసీదు, లోన్ లెటర్, దిగే ఇంటి అడ్రస్ ఉన్న ఫైలు పెట్టెలో కాకుండా భుజానికున్న బ్యాగులో ఉండాలి.

మిక్సీ, ఐరన్ బాక్స్, రైస్ కుక్కర్ వద్దు, అక్కడ కరెంటు 120 వోల్టులు, మనవి 230కి చేసినవి. ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జర్లకి ఏ గొడవా లేదు, ప్లగ్ అడాప్టర్ ఉంటే చాలు. ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళండి, అడుగు చదునుగా ఉన్నది, మూడు లీటర్లది, రెండు గాస్కెట్లు అదనంగా.

ఐ-20లో రాసిన ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 30 రోజుల ముందు నుంచే రానిస్తారు, అంతకంటే ముందు టికెట్ బుక్ చేయకండి, మరీ ఓరియంటేషన్ ముందు రోజు దిగేలా కూడా చేయకండి, పది పన్నెండు రోజుల ముందు సరిపోతుంది. దిగిన రెండో రోజు ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) వెబ్‌సైట్లో మీ పేరు, ఎఫ్-1, డీ/ఎస్ (చదువు సాగినంతకాలం ఉండొచ్చని గుర్తు) సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని ప్రింటు తీసుకోండి, ఇంటర్నేషనల్ ఆఫీసులో చెక్ ఇన్ అవ్వండి, ఇల్లు మారినప్పుడల్లా పది రోజుల్లోపు వాళ్ళకి కొత్త అడ్రస్ చెప్పండి. ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) క్యాంపస్‌లో ఉద్యోగం దొరికాకే వస్తుంది, దానికోసం ముందే కంగారు పడొద్దు, బ్యాంకు అకౌంట్ అది లేకుండానే తెరుస్తారు. క్లాసులు మొదలైన రోజు మూడు సిలబస్‌లూ పక్కన పెట్టుకుని అన్ని తేదీలూ ఫోన్ క్యాలెండర్‌లో ఎక్కించండి. అక్టోబర్ రెండో వారంలో మూడు మిడ్‌టర్మ్‌లు ఒకేసారి పడబోతున్నాయని అప్పుడే తెలుస్తుంది.

ఇదంతా చెప్పాక మా వాడు కాసేపు ఆగి, "సరే అక్కా, అన్నీ రాసుకున్నా. ఇంతకీ ఇడ్లీ పాత్ర?" అన్నాడు. తీసుకెళ్ళరా, చిన్నది, మూడు రేకులది, కుక్కర్లో పట్టేది. పిండి అక్కడ ఇండియన్ స్టోర్లో దొరుకుతుంది.